హైదరాబాద్ విమానం వద్దు, ముంబై విమానం సరిగ్గా నడపండి: ఎయిర్ మారిషస్ బోర్డుకు బహిరంగ లేఖ

ఎయిర్ మారిషస్ డైరెక్టర్ల బోర్డు వారికి నమస్కారం.

హైదరాబాద్ నుంచి మారిషస్‌కు నేరుగా విమానం వేయాలని మా తెలుగువాళ్లు చాలాకాలంగా కోరుకుంటున్నారు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. తెలుగు సభ ఎక్కడ జరిగినా ఎవరో ఒక పెద్దాయన మైకు అందుకుని ఇదే అడుగుతారు, చప్పట్లు పడతాయి. ఆ మధ్య ఒక విజ్ఞాపన పత్రం తిరిగితే నన్నూ సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెదొకదారి అని తోటి ఏజెంట్లు నవ్వుకున్నారు. విశాఖపట్నంలో టికెట్లు అమ్ముకుని బతుకుతున్నవాణ్ని. కొత్త విమానం వస్తే నాకూ నాలుగు టికెట్లు ఎక్కువే తెగుతాయి. అయినా వద్దనే అంటున్నాను. ఎందుకు వద్దో, దాని బదులు ఏం కావాలో చెప్పడానికే ఈ లేఖ.

ముందు దూరాల సంగతి. ముంబై నుంచి మీ దీవి దాదాపు 4,700 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కొలిస్తే అంతకంటే 60, 70 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. ఢిల్లీ అయితే 5,800 దాటుతుంది. మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చున్న ఎవరికైనా హైదరాబాద్ మంచి ఊరే అనిపిస్తుంది. ఆరు గంటల ప్రయాణం, పెద్ద ఎయిర్‌పోర్టు, చేతిలో డబ్బున్న జనం. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు.

విమానం నిండాలి కదా, అసలు చిక్కు అక్కడే. మీ ఎ330 నియో రకం పెద్ద విమానంలో దాదాపు 290 సీట్లు. వారానికి రెండుసార్లు నడిపినా ఒక్క వెళ్లే వైపే ఏడాదికి 30 వేల సీట్లు అమ్మాలి. కోవిడ్‌కు ముందు మంచి సంవత్సరాల్లో భారతదేశం మొత్తం నుంచి మీ దీవికి వచ్చిన పర్యాటకులే 80 వేల పైచిలుకు. అందులో మూడో వంతుకు మించి ఒక్క హైదరాబాద్ నుంచే రావాలన్నమాట! హనీమూన్ జంటలు డిసెంబరు, జనవరుల్లో నింపుతారు, వేసవి సెలవుల్లో కుటుంబాలు కొంత నింపుతాయి. మరి ఆషాఢంలోనో, సెప్టెంబరులోనో? మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లో మా ఆఫీసు ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఫోన్ మోగితే అది బ్యాంకు వాళ్లదే. (ఈ మూఢం లెక్క ఏ రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు. తెలుగు మార్కెట్‌లోకి రావాలనుకునే ఏ విమాన సంస్థ అయినా పంచాంగం ఒకటి కొనుక్కోవాలి.)

సీట్లకంటే పెద్ద తలనొప్పి ఈ వారానికి రెండు విమానాల పద్ధతి. పేపర్లో ప్రకటన చూస్తే బాగుంటుంది, నడపడం మొదలుపెట్టాకే తెలుస్తుంది. ఆరు గంటలు వెళ్లడం, ఇంకో ఆరు గంటలు రావడం, మధ్యలో నేల మీద గంటన్నర, రెండు గంటలు. పైలట్లు డ్యూటీ ఎక్కినప్పటి నుంచి లెక్కేస్తే 14 గంటలు దాటిపోతుంది. ఒకే సిబ్బందితో పోను, రాను చేయించాలంటే అదనపు పైలట్లను ఎక్కించాలి. లేదంటే ఇక్కడ దింపేసి, తర్వాతి విమానం వచ్చేదాకా మూడు రోజులు హోటల్లో పెట్టాలి. ఇటు స్టేషన్ మేనేజరు, గ్రౌండ్ హ్యాండ్లింగ్, ఇంజనీరింగ్ సాయం, క్యాటరింగ్ కాంట్రాక్టు అన్నీ వారానికి ఏడు విమానాలు వచ్చే ఊళ్లో ఉన్నట్టే ఉండాలి. ఆ ఖర్చంతా రెండు విమానాల మీదే పడుతుంది.

అవన్నీ మీ ఖర్చులు. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే అసలు దెబ్బ వేరే ఉంది. మంగళవారం విమానం రద్దయితే తర్వాతిది శుక్రవారం. ఒక దీవి దేశపు సంస్థ (మీది కాదు, పేరు అనవసరం) ఇలాగే వారానికి రెండు విమానాలు నడిపేది. ఒకసారి వాళ్ల విమానానికి ఏదో భాగం పాడైంది. విడిభాగం యూరప్ నుంచి రావాలన్నారు, ఇంకో విమానం లేదన్నారు. నా ద్వారా వెళ్లిన కుటుంబంలో ఒకావిడకు షుగర్. లెక్కపెట్టుకుని తెచ్చుకున్న ఇన్సులిన్ అయిపోవచ్చింది. ఆవిడ కొడుకు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి, "అన్నా, మాకు ఇంకో ఫ్లైట్ వద్దు, కరెక్టుగా ఎన్ని గంటలకో ఒక్కమాట చెప్పించండి చాలు" అన్నాడు. ఆ ఒక్కమాటా చెప్పేవాళ్లు దొరకలేదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి కూడా తెలియదు పాపం, ఆ అమ్మాయిని తిట్టి ఏం లాభం. ఆ టెన్షన్ అంతా తిరిగి నా ఫోన్‌కే వచ్చింది. అప్పట్నుంచి, వారానికి రెండు విమానాలున్న లైను మీద పెద్దవాళ్లకు టికెట్ ఇవ్వాలంటే నాకు చెయ్యి రాదు.

మీ పెద్ద విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందులో ఒకటి పెద్ద చెకింగ్‌కు హ్యాంగర్లోకి వెళ్తుంది, ఇంకొకటి పారిస్ వైపు పోతుంది. పారిస్ పోయి రావడమంటే ఒక విమానానికి ఒక రోజు పైనే. ఆ రోజు ఇంకోదానికి ఇంజిన్ సమస్య వస్తే టైమ్‌టేబుల్ మొత్తం పక్కకి ఒరుగుతుంది. వంద విమానాలున్న సంస్థకు ఒక విమానం ఆగడం మామూలు విషయం. మీకు అది దేశమంతా మాట్లాడుకునే వార్త. ఈ స్థితిలో ఉన్న సంస్థ కొత్త ఊరు తెరవడం కంటే, ఒక పెద్ద విమానాన్ని ఏ లైనుకూ ఇవ్వకుండా పక్కన పెట్టుకోవడం ప్రయాణికులకు చేసే పెద్ద సేవ. ఖాళీగా నిలబడ్డ విమానం చూస్తే బోర్డులో కూర్చున్నవాళ్లకు ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది, నిజమే. దాన్ని ఏదో ఒక ఊరికి తోలేద్దామనిపిస్తుంది. తోలకండి.

మీ చరిత్ర చదివినవాడికి ఇది కొత్త సంగతి కాదు. 1967లో సంస్థ పుట్టింది. 1972లో మొదటిసారి ఎగిరింది రోడ్రిగ్స్ దీవికి, అదీ మడగాస్కర్ సంస్థ నుంచి అద్దెకు తెచ్చుకున్న చిన్న పైపర్ విమానంలో. అక్కడి నుంచి 1988 ఏప్రిల్ నాటికి, కొత్త బోయింగ్ 767ను డెలివరీ తెచ్చుకుంటూ కెనడాలోని హాలిఫాక్స్ నుంచి ఆగకుండా 14 వేల కిలోమీటర్లు, 16 గంటలకు పైగా ఎగిరి ఇంటికి చేరారు. రెండు ఇంజిన్ల విమానానికి అప్పట్లో అది రికార్డు. ఇంత చిన్న దేశం చేసిన పని అది. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 2017లో ఎ350, 2019లో ఎ330 నియో. ఆ రెండు రకాలనూ కలిపి నడిపిన మొదటి సంస్థ మీదే.

ఇదే చరిత్రలో సిడ్నీ ఉంది, మెల్‌బోర్న్ ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్, మిలాన్, బీజింగ్, చెంగ్డు ఉన్నాయి. ఒక్కోటీ రిబ్బన్ కత్తిరించి తెరిచారు, ఆ తర్వాత సద్దు లేకుండా మూసిన రోజూ వచ్చింది. మా వైపు బెంగళూరు కూడా అలాగే వచ్చి వెళ్లిపోయింది. 2008లో చమురు ధర ముందే ఖాయం చేసుకుందామని హెడ్జింగ్‌లో చేతులు కాల్చుకున్నారు. చివరికి 2020 ఏప్రిల్ 22న సంస్థ స్వచ్ఛందంగా అడ్మినిస్ట్రేటర్ల (దివాలా తీయకుండా సంస్థను నిలబెట్టేందుకు వేసే అధికారుల) చేతుల్లోకి వెళ్లింది. అదే సంవత్సరం మీ తీరంలో వాకాషియో ఓడ చమురు ఒలకబోసింది. దీవికి అంతకంటే పాడు ఏడాది ఇంకొకటి ఉండదేమో. 2021 అక్టోబరులో బయటపడేసరికి ఎ340లు, ఎ319లు పోయాయి, సిబ్బంది జీతాలూ షరతులూ కోతపడ్డాయి. కోవిడ్ ముంచిందనేది సగం నిజం. అప్పటికే నీళ్లు మెడదాకా వచ్చి ఉన్నాయని లెక్కలు చూసినవాళ్లకు తెలుసు.

పొరుగునే రీయూనియన్ ఉంది. మీకు ముప్పావుగంట ప్రయాణం. అక్కడి ఎయిర్ ఆస్ట్రల్ 2009లో రెండు ఎ380లకు ఆర్డర్ పెట్టింది. మామూలుగా కాదు, ఒక్కో విమానంలో 840 సీట్లు, అన్నీ ఎకానమీయే, దీవి నుంచి పారిస్‌కు! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఆ విమానాలు రానేలేదు, ఆర్డర్ రద్దయింది. సీషెల్స్ దారి ఇంకోలా సాగింది. 2012లో అబుదాబి ఎతిహాద్ 40 శాతం వాటా తీసుకుంది, 2018లో పారిస్ లైను మూతపడింది, 2021లో ప్రభుత్వమే వాటా వెనక్కి తీసుకుంది. ఇప్పుడు వాళ్లు పెద్ద విమానాల జోలికి పోకుండా చిన్న ఎయిర్‌బస్‌లతో దగ్గరి ఊళ్లకే తిరుగుతున్నారు. శ్రీలంక సంస్థ ఎ350లు అద్దెకు మాట్లాడుకుని, 2016లో వద్దనుకుని, వద్దన్నందుకు పరిహారం కట్టింది. ఎయిర్ మాల్టా 2024 మార్చిలో ఏకంగా తలుపులు మూసేసింది. దాని స్థానంలో అక్కడి ప్రభుత్వం మరో పేరుతో ఇంకో సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇన్ని చూశాక అసలు దీవికి సొంత విమాన సంస్థ దేనికి, దుబాయ్ నుంచి రోజుకు రెండు ఎ380లు వస్తున్నాయి కదా అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. లాభం ఉన్నంతవరకే బయటి సంస్థ వస్తుంది. తుఫాను వెలిసిన మర్నాడు, పర్యాటకులు లేని నెలలో, ఎక్కడో చిక్కుకున్న పౌరులను తేవాల్సిన రోజున సొంత తోక మీద సొంత జెండా ఉన్న విమానమే కావాలి. మారిషస్‌లో తాజా చేప యూరప్ చేరాలన్నా, ఎవరైనా గుండె ఆపరేషన్‌కు భారతదేశం రావాలన్నా రోడ్డు లేదు, రైలు లేదు. రోడ్రిగ్స్ అయితే మరీను. మీకు తూర్పున దాదాపు 600 కిలోమీటర్లు, 40 వేల పైచిలుకు జనం. గంటన్నర ఎగిరే ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) వాళ్లకు విమానం కాదు, ఊరి బస్సు.

అందుకే బోర్డు వారితో పాటు మీ వెనకున్న ప్రభుత్వాన్నీ ఒకటి అడగాలి. రోడ్రిగ్స్‌కు నడిపేది సేవ. ఆ పద్దు వేరుగా రాయండి, ఎంత ఖర్చో ఏడాదికోసారి జనానికి చూపి ప్రభుత్వం నుంచి తీసుకోండి. ముంబై, పారిస్, లండన్ వ్యాపారం. ఆ పద్దు వేరు. ఇక మంత్రిగారి విదేశీ పర్యటన ముగిసే సరికల్లా ఒక కొత్త లైను ప్రకటించడం ఉంటుంది చూశారూ, అది సేవా కాదు, వ్యాపారమూ కాదు. దానికి ఏ పద్దులోనూ చోటివ్వకండి. మాకు ఇక్కడ ఆ అలవాటు బాగా తెలుసు. భోగాపురం విమానాశ్రయం పేరెత్తితే చాలు, ఏ నాయకుడైనా ఒక అరడజను దేశాలకు నేరుగా విమానాలు వేసేస్తాడు.

ఇప్పుడు మా సంగతి. మీ మొదటి ఎ330 నియోకు ఆప్రవాసీ ఘాట్ అని, భారతదేశం నుంచి వెళ్లిన కూలీలు ఓడ దిగిన చోటి పేరు పెట్టారు. పోర్ట్ లూయిస్ రేవులోని ఆ పదహారు మెట్లు ఎక్కినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. కోరింగ రేవు నుంచి, విశాఖ నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కిన చెరకుతోటల కూలీలు. వాళ్ల మనవలూ మునిమనవలూ నేటికీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రాత్రంతా దీపం చుట్టూ రామభజన చేస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మీ దేశంలోనే.

వాళ్లలో కొందరు పెద్దవయసులో ఇటు వస్తుంటారు. సింహాచలం కొండెక్కాలని, తాతల ఊరు ఏదో కనుక్కోవాలని. వీళ్లు దిగాల్సింది ఉత్తరాంధ్రలో. హైదరాబాద్‌కు నేరుగా విమానం వేసినా వీళ్లు అక్కడ దిగి ఇంకో విమానం మారాలి. ముంబైలో మారినా అంతే, హైదరాబాద్‌లో మారినా అంతే. నేరుగా విమానం అని చప్పట్లు కొట్టేటప్పుడు ఈ విషయం ఎవరికీ గుర్తురాదు. (హైదరాబాద్ వాళ్లకు మాత్రం ఒక మార్పు తగ్గుతుంది, కాదనను. వాళ్ల తరఫున వాళ్లు రాసుకుంటారు.)

ముంబైలో మారడం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. మారిషస్ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషి ఇమిగ్రేషన్ లైను దాటాక, కస్టమ్స్ కోసం బ్యాగులు దించుకోక తప్పదు. అది మన దేశపు నియమం, మీరు మార్చలేరు. ఆ తర్వాత టికెట్ ఒకటే అయితే అక్కడే బ్యాగులు మళ్లీ అప్పగించి పైకి వెళ్లొచ్చు. టికెట్లు రెండైతే బండి తోసుకుంటూ బయటికి రావాలి, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవానుకు రెండో టికెట్ చూపి మళ్లీ లోపలికి పోవాలి, మళ్లీ చెకిన్, మళ్లీ బరువు. అంతర్జాతీయ టికెట్ మీద తెచ్చిన బరువుకు దేశీయ విమానంలో అదనపు డబ్బు. వైజాగ్ విమానం టెర్మినల్ 1 నుంచి ఉంటే ఇంకా కష్టం, టాక్సీ పట్టుకుని రోడ్డు మీదుగా పోవాలి. మీ విమానం ఆలస్యమైతే రెండో టికెట్ గాలికి పోయినట్టే. వేరే పీఎన్ఆర్ కనుక మాకు సంబంధం లేదంటారు దేశీయ సంస్థవాళ్లు. మా విమానం దిగింది కదా అంటారు ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది రూలే. మధ్యలో ఇరుక్కున్నది పెద్దాయన.

నేను అడిగేది ఇక్కడే ఉంది. విశాఖ, విజయవాడ, హైదరాబాద్, తిరుపతి నుంచి మారిషస్‌కు ఒకే టికెట్, ఒకే ధర, ఒకే బ్యాగేజీ లెక్క, అన్ని సీజన్లలోనూ దొరకాలి. దానికి మీకు కొత్త విమానం అక్కర్లేదు, మన దేశీయ సంస్థలతో గట్టి ఒప్పందం ఉంటే చాలు. వెళ్లేటప్పుడు విశాఖలో వేసిన బ్యాగు ప్లెసాన్స్‌లోనే, అంటే మీ ఎయిర్‌పోర్టులోనే దిగాలి. మీ ఆలస్యం వల్ల కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో సీటు, రాత్రయితే పడుకోవడానికి గది ఇచ్చే బాధ్యత టికెట్ రాసిన సంస్థదేనని ముందే రాసి ఉండాలి. విమానం ఆగిపోతే, ఆగిందని తెలిసిన వెంటనే ప్రయాణికుడికీ ఏజెంటుకూ మెసేజ్ రావాలి. ఎప్పుడు బయల్దేరుతుందో తెలియకపోతే తెలియదనే చెప్పండి, మళ్లీ ఎన్నింటికి చెబుతారో అది చెప్పండి. కొత్త తేదీకి మార్చే అధికారం మాకు కూడా ఇవ్వండి. కాల్ సెంటర్ సంగీతం వింటూ అరగంట కూర్చోవడం కంటే మేమే త్వరగా చేస్తాం.

ముంబైకి విమానాలు పెంచగలిగితే పెంచండి. మూడు ఊళ్లకు రెండేసి విమానాలకంటే ఒక ఊరికి రోజూ ఒకటి మేలు, ఎందుకంటే ఈరోజుది పోతే రేపటిది ఉంటుంది. ఇది చెన్నై వాళ్లకూ బెంగళూరు వాళ్లకూ రుచించదు, వాళ్ల దగ్గర నేను తిట్లు తింటాను, ఫర్వాలేదు.

హైదరాబాద్ మీద మీకు నిజంగా ఆశ ఉంటే చార్టర్‌తో మొదలుపెట్టండి. పెళ్లిళ్ల సీజన్లో నాలుగు వారాలు, విమానం మొత్తం సీట్లకు టూర్ ఆపరేటర్లే ముందు డబ్బు కట్టాలి. సభల్లో మైకు పట్టుకుని అడిగేవాళ్లలో ఎంతమంది అడ్వాన్సు కడతారో ఆ వారంలోనే తేలిపోతుంది. కడితే ఆ మర్నాడే నేనూ వచ్చి ఆ పత్రం మీద సంతకం పెడతాను.

ఇక చివరగా చిన్న విషయం. ఏడాదికి రెండుసార్లు మీ టైమ్‌టేబుల్ మారినప్పుడు ముంబై నుంచి బయల్దేరే వేళ ఖాయం చేసేముందు, విశాఖ నుంచి ముంబైకి వచ్చే విమానాల వేళలు కూడా ఒకసారి పక్కన పెట్టుకుని చూడమని మీ షెడ్యూలింగ్ విభాగానికి చెప్పండి. గంట అటూ ఇటూ జరిగితే మావాళ్లకు ముంబైలో ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ట్రావెల్ ఏజెంటు